కెంపు వేరు, మాణిక్యం వేరు

మన తెలుగువాళ్ళకి మాణిక్యం మీద ఉన్న మోజు పేర్లలోనే కనబడుతుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె ఈ మూడూళ్ళలో ఏ పాత వీధిలోనైనా నించుని "మాణిక్యమ్మగారూ!" అని ఓ కేక పెట్టండి, ఎవరో ఒకరు పలక్కపోరు. మాణిక్యాలరావులకీ కొదవలేదు. పేదింట్లో పుట్టి పైకొచ్చిన కుర్రాణ్ణి "మట్టిలో మాణిక్యం" అంటాం. ఆ పేరుతో 1971లో సినిమా కూడా వచ్చింది. ఇంతమంది మాణిక్యాలున్న చోట అసలు మాణిక్యం, అంటే ఆ ఎర్రరాయి, ఎన్ని ఇళ్ళల్లో ఉందండీ అంటే మాత్రం జవాబు చెప్పడానికి కాస్త ధైర్యం కావాలి. విని నొచ్చుకునేవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళు, అందులోనూ పెద్దవాళ్ళు. వాళ్ళ బీరువాల్లో అత్తగారిచ్చిన ఎర్రరాళ్ళ దిద్దులో, అమ్మమ్మ నాటి అడ్డిగో, జడబిళ్ళో తప్పకుండా ఉంటుంది. "ఇవి కెంపులు" అని వాళ్ళకి వాళ్ళ పెద్దవాళ్ళు చెప్పారు. వాళ్ళు కోడళ్ళకి చెప్పారు.

ఇందులో ఎవరూ అబద్ధం ఆడలేదు. ముందు ఆ సంగతి మనవి చేసి తరవాత రాయి జోలికి వెళతాను.

కెంపు అంటే తెలుగులో ఎరుపు. అంతే. కెందామర అన్నా, కెంజాయ అన్నా, కోపంతో కళ్ళు కెంపెక్కాయన్నా ఆ మొదటి అక్షరానిది ఒకటే అర్థం. పచ్చగా ఉన్నది పచ్చ, ఎర్రగా ఉన్నది కెంపు. రంగుని బట్టి పెట్టిన పేరది, జాతిని బట్టి పెట్టింది కాదు. మాణిక్యం, పద్మరాగం అన్న సంస్కృతం మాటలు రత్నశాస్త్రంలోవి. వాటికి లక్షణాలున్నాయి, పరీక్షలున్నాయి, దోషాలున్నాయి. మన నిఘంటువులు కెంపుకి అర్థం మాణిక్యమనీ, మాణిక్యానికి అర్థం కెంపనీ రాసి చేతులు దులుపుకున్నాయి. నిఘంటువులో పక్కపక్కనే కూచోబెట్టడం తేలికే. బంగారం కొట్టు బల్ల మీద పక్కపక్కన పెడితే మాత్రం ఒకదాని ధర లక్షల్లో, రెండోదాని ధర పదుల్లో పలుకుతుంది.

అసలు మాణిక్యం ఏమిటంటే, అల్యూమినియం ఆక్సైడు. వంటింట్లో అన్నం వార్చుకునే గిన్నె తాలూకు లోహమే, ప్రాణవాయువుతో కలిసి, భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ స్ఫటికంగా గట్టిపడింది. కల్తీ లేని స్ఫటికానికి రంగే ఉండదు. అందులో నూటికి ఒక పాలు, చాలాసార్లు అంతకంటే తక్కువ, క్రోమియం చేరితే ఎర్రనవుతుంది. ఇనుమూ టైటానియమూ చేరితే అదే రాయి నీలం. మాణిక్యం సూర్యుడిదనీ, నీలం శనిదనీ జ్యోతిష్కులంటారు. పురాణాల్లో శని సూర్యుడి కొడుకు. రాళ్ళలో చూస్తే ఇద్దరూ ఒక తల్లి పిల్లలు, తేడా చిటికెడు మసాలాది! కాఠిన్యంలో వజ్రం పదైతే ఇది తొమ్మిది.

ఈ జాతి రాయిని మనవాళ్ళు కురువిందం అన్నారు. కత్తులు సాన పట్టే రాయి కూడా ఇదే, కాకపోతే రంగూ వన్నే లేని బీద చుట్టం. ఖమ్మం, అనంతపురం వైపు దొరుకుతుంది. ఇంగ్లీషువాళ్ళు ఈ మాటని దక్షిణాదిన విని కోరండం చేసుకున్నారు. 1798లో చార్లెస్ గ్రెవిల్ అనే ఆయన లండన్ రాయల్ సొసైటీ పత్రికలో దీని మీద పెద్ద వ్యాసం రాశాక ఆ పేరు శాస్త్రంలో స్థిరపడిపోయింది. ఇవాళ ప్రపంచంలో ఏ భూగర్భశాస్త్రం పుస్తకం తెరిచినా మన నోటి మాటే. కంసాలి తక్కెట్లో తూకపు గింజ గురివింద, ఆ తక్కెట్లో తూగే రాయి కురువిందం. రెండూ ఎర్రనివే, పేర్లూ చెవికి దగ్గరే. గురివింద కింది నలుపు సంగతి సామెత చెబుతుంది. కురువిందం నలుపు సంగతి కొనుక్కున్నవాడు చెప్పాలి.

ఈ రాయి పుట్టుకకి శాస్త్రం చెప్పే కథ కంటే పురాణం చెప్పే కథ బాగుంటుంది. బలుడనే రాక్షసుణ్ణి దేవతలు యజ్ఞపశువుని చేస్తే వాడి శరీరం ముక్కముక్కా రత్నాలైపోయిందట. ఎముకలు వజ్రాలు, పళ్ళు ముత్యాలు. నెత్తురు సూర్యుడు పట్టుకుపోతుంటే రావణుడు అడ్డం వచ్చాడు. సూర్యుడు బెదిరి సింహళంలో ఒక ఏట్లో జారవిడిచాడు. ఆ ఏరు రావణగంగ, ఆ నెత్తురు పద్మరాగం. గరుడపురాణం ఈ కథ చెబుతుంది. కథలో నిజం లేకపోలేదు సుమండీ. సింహళంలో ఇప్పటికీ ఏటి ఒండ్రు తవ్వి గంపలతో కడిగే రత్నాలు ఏరతారు. ఈ కథ కట్టినవాడికి రాయి ఎక్కడ దొరుకుతుందో తెలుసు.

పాలల్లో వేస్తే పాలు ఎర్రబడతాయని ఇంకో మాట ఉంది. ఎర్రటి గాజుముక్క వేసినా, మీదనించి చూస్తే పాలు కాస్త ఎర్రగానే కనబడతాయి. ఆ పరీక్ష మీద నమ్మకంతో ఏదీ కొనకండి.

రంగు చూసి మోసపోవడం మన పల్లెటూరి ఆడవాళ్ళ సొత్తేం కాదు. మహారాజులు కూడా మోసపోయారు. ఇంగ్లండు కిరీటంలో నుదుటికి ఎదురుగా కోడిగుడ్డంత ఎర్రరాయి ఉంది. నల్ల యువరాజు మాణిక్యం అని దానికి పేరు. అది మాణిక్యం కాదు, స్పినెల్. లాహోరు ఖజానా నించి 1849లో కొల్లగొట్టుకుపోయిన తైమూరు మాణిక్యం 350 క్యారట్ల పైచిలుకు. దాని మీద జహంగీరు పేరు చెక్కి ఉంది. అదీ స్పినెలే. బదక్షాన్ కొండల్లో పుట్టే ఈ రాయి మాణిక్యానికి అచ్చుగుద్దినట్టుంటుంది, చాలాచోట్ల దాని పక్కనే దొరుకుతుంది. రెండూ వేరువేరని 1783లో గానీ ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు స్పష్టంగా తేల్చలేదు. అప్పటిదాకా మొగలాయి పాదుషాలు, ఐరోపా రాజులు అందరూ వాటిని నెత్తిన పెట్టుకు తిరిగినవాళ్ళే. తేలింది గదా అని ఇంగ్లండువాళ్ళు కిరీటంలోంచి రాయి పీకారా? లేదు. పేరైనా మార్చారా? అదీ లేదు.

మన జిల్లాల్లో ఎర్రరాయికి పెద్ద బిరుదు "బర్మా కెంపు". దాని వెనకో చరిత్ర ఉంది. మాండలేకి ఈశాన్యాన మొగోక్ లోయ. లోకంలో పావురం నెత్తురు రంగు అని పేరుపడ్డ రాళ్ళు అక్కడివే. తెల్ల పాలరాతిలో పుడతాయి, ఇనుము తక్కువ, అంచేత ఎండలో పెడితే నిప్పుకణికలా లోపల్నించి వెలుగుతాయి. సియాం రాళ్ళలో ఇనుము ఎక్కువ, ఆ కణిక ఉండదు, నేరేడు ఛాయ తిరుగుతుంది. 1885లో ఇంగ్లీషువాళ్ళు థీబా రాజుని పట్టి రత్నగిరిలో కూచోబెట్టారు. రత్నాల దేశం పోగొట్టుకున్నవాడికి రత్నగిరిలో కాపురం! 1916లో అక్కడే పోయాడు. గనుల మీద 1889లో లండన్ కంపెనీ ఒకటి లేచి, 1931కల్లా చేతులెత్తేసి పోయింది. ఆ రోజుల్లోనే మన తెలుగువాళ్ళు వేలకి వేలు రంగూను పోయారు, ఓడరేవుల్లో, ధాన్యం మిల్లుల్లో పనికి. 1942లో జపానువాళ్ళు వచ్చినప్పుడు చాలామంది కట్టుబట్టలతో నడిచి వచ్చారు. రంగూను నించి వచ్చిన పెట్టెలో ఎర్రరాయి ఉంటే అది బర్మా కెంపే అని ఊరంతా నమ్మేది. నమ్మక ఏం చేస్తుంది?

కాని ఆ పెట్టెలోకి రాయి ఎక్కడినించైనా వచ్చి ఉండొచ్చు. ఎందుకంటే 1902లో పారిస్ లో ఆగస్ట్ వెర్నూయ్ అనే ఆయన మాణిక్యాన్ని కొలిమిలో పండించే విద్య బయటపెట్టాడు. అల్యూమినా పొడిలో క్రోమియం కలిపి, మంటలోంచి చుక్కచుక్కగా రాల్చి, కింద ఒక కడ్డీ మీద పేరనివ్వడమే. కొన్ని గంటల్లో వేలెడంత కాయ తయారు. 1907 నాటికి ఏడాదికి యాభై లక్షల క్యారట్లు, అంటే వెయ్యి కిలోలు తీశారు. మొగోక్ కంపెనీ మూతబడడానికి ఇదీ ఒక కారణం. గాజు కాదిది, గిల్టూ కాదు. తూకం, గట్టిదనం, రంగు, అన్నీ అసలు మాణిక్యానివే. పుట్టుక ఒక్కటే తేడా. చేతి గడియారాల్లో "పదిహేడు జ్యూయెల్స్" అని గొప్పగా రాసుకునేవారే, అవి ఇవే. 1960లో అమెరికాలో మైమన్ మొట్టమొదటి లేజరు వెలిగించింది కూడా ఇలాంటి కడ్డీతోనే.

ఈ రాళ్ళు దేశంలోకి వీశెల లెక్కన దిగాక మన కంసాలులకి చవకలో ఎర్రరాయి దొరికింది. మనవాళ్ళ పాత నగల పని వాటికి సరిగ్గా అతికినట్టు ఉండేది. బంగారపు గూడులో లక్క పోసి, మీద మెరుపు రేకు పరిచి, రాయి కూచోబెట్టి, చుట్టూ కుందనం తొక్కేస్తారు. రాయి వెనక భాగం ఇక ఎప్పటికీ కనబడదు. రేకు ఎర్రనిదైతే వెలిసిపోయిన రాయి కూడా దీపం ముందు ధగధగలాడుతుంది. ఇది మోసానికి పుట్టిన పని కాదు, అసలు మాణిక్యాలకీ అదే పని చేసేవారు. కాని అసలుదీ కానిదీ ఒకే ముసుగులో కూచున్నాక, ముసుగు తీసేదాకా తేడా తెలిసే దారి లేదు.

ముసుగు తీసే రోజు సాధారణంగా పంపకాల రోజు. రేపల్లెలో మా మేనత్త ఒకావిడ ఉండేది. ఆవిడ అత్తగారిచ్చిన కెంపుల అడ్డిగ ఇరవయ్యొక్క రాయి. దాన్ని ఆవిడ పెళ్ళిళ్ళకి తప్ప తీసేది కాదు. మామయ్య పోయాక ముగ్గురు కొడుకులూ ఒక కూతురూ పొలం పంచుకున్నారు. కూతురికి పొలం బదులు అడ్డిగ అన్నారు. "అరెకరం ఖరీదు చేస్తుందే అది" అని పెద్దన్నగారి మాట. కూతురు నోరెత్తలేదు, కాగితాల మీద సంతకం పెట్టింది. రెండేళ్ళ తరవాత పిల్లాడి చదువుకి డబ్బు కావలసి, అడ్డిగ పట్టుకుని అత్తయ్యా కూతురూ తెనాలి వెళ్ళారు, నన్ను వెంటబెట్టుకుని. ఊళ్ళో పేరున్న కొట్టే. కొట్టాయన భూతద్దం పెట్టి చూసి, పక్కన పెట్టి, "అమ్మగారూ, రాళ్ళకేం రాదండీ. రాళ్ళూ లక్కా పోనిచ్చి బంగారం కడతాను" అన్నాడు.

"అదేమిటి బాబూ, కెంపులవి" అంది అత్తయ్య.

"కెంపులేనండీ, కాదన్నానా? సింథటిక్ కెంపులు."

చేయించినప్పుడు ఆ రాళ్ళూ లక్కా బంగారంతో కలిసి తూగాయి. కలిపి తూచిన తూకానికే తరుగు, ఆ పైన మజూరీ. అమ్మబోతే అవన్నీ చెత్త. కొనేటప్పుడు పుటం పెట్టిన బంగారంలా లెక్కగట్టిన లక్కని, అమ్మేటప్పుడు కుంపటి మీద పెట్టి కరిగించి పారబోస్తారు. ఈ ధర్మసూక్ష్మం ఏ కొట్టు కనిపెట్టిందో గాని దేశమంతా పాటించారు. అడ్డిగకి వచ్చిన డబ్బు అరెకరం కాదు గదా, ఐదు సెంట్లకి సరిపోదు. ఆ పిల్ల అన్నల్ని అడగలేకపోయింది. అడిగితే "మాకేం తెలుసు, అమ్మే కెంపులంది" అంటారు. నిజమే, అమ్మే అంది.

మా దగ్గర చాలా తగవుల్లో ఇదే తంతు. మగపిల్లలకి మట్టీ, ఆడపిల్లలకి రాళ్ళూ. మట్టి ఏడాదికేడాది పెరిగింది. రాళ్ళ సంగతి ఎవరూ ముందుగా విప్పి చూడలేదు. ఆంధ్రప్రదేశ్ లో 1986 నించి ఆడపిల్లకి పిత్రార్జితంలో సమాన వాటా చట్టం వచ్చింది గాని, నగ ఇచ్చాం గదా అన్న మాట దానికి లొంగలేదు.

ఇక్కడ మార్కో పోలో చెప్పిన ముచ్చట ఒకటి ఉంది. ఆయన రాసిన ముట్ఫిలి మన మోటుపల్లే, చీరాల దగ్గర, ఇప్పటి బాపట్ల జిల్లాలోది. రాణి పాలనలో రాజ్యం బాగుందనీ, కొండల్లో వజ్రాలు దొరుకుతాయనీ రాశాడు. మాణిక్యం మాట మాత్రం ఇక్కడ చెప్పలేదు, సింహళంలో చెప్పాడు. అక్కడి రాజు దగ్గర జానెడు పొడుగు, మనిషి చెయ్యంత లావు మాణిక్యం ఉందట. కుబ్లాయి ఖాను దానికి ఒక పట్నం విలువ ఇస్తానని రాయబారం పంపితే, "ఇది మా పెద్దలది, లోకంలో ఏదిచ్చినా ఇవ్వను" అని రాజు చెప్పి పంపాడట. అంత లావు మాణిక్యం ఉండడం కల్ల. స్పినెలో, మరోటో అయి ఉంటుంది. కాని ఆ రాజు కొట్టుకి పట్టుకెళ్ళి భూతద్దం పెట్టించలేదు చూశారా, అదీ అదృష్టం.

అదే మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన వర్తకుడి సరుకు పూర్వపు రాజులు లాక్కునేవారు, మేం సుంకం మాత్రం పుచ్చుకుంటాం అని అందులో మాటిచ్చాడు. ఏ సరుకుకి ఎంత సుంకమో జాబితా రాయించాడు. చందనం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు ఉన్నాయి. ముత్యానికీ పగడానికీ చోటుంది, మాణిక్యం పేరు లేదు. మూటల్లో వచ్చేది కాదు మరి. వచ్చినా రొండిని దోపుకుని వచ్చేస్తుంది, సుంకాలవాడికి కనబడుతుందా?

మరి మన నేలకి సొంత ఎర్రరాయి లేదా? ఉంది. దానికి గౌరవం లేదు, అంతే. గార్నెట్ అంటారు, దానిమ్మగింజ అన్న లాటిన్ మాట నించి వచ్చింది. మన అమ్మమ్మలు కూడా మంచి కెంపుని దానిమ్మగింజతోనే పోల్చేవారు, ఎవరూ ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోకుండానే. బెజవాడ కొండల రాయిని పాతకాలపు భూగర్భశాస్త్రజ్ఞులు బెజవాడ నైస్ అన్నారు. దాంట్లో గార్నెట్లు పొక్కుల్లా కనబడతాయి. తూర్పు కనుమలన్నిటా ఇదే వరస. ఆ కొండలు అరిగి, ఏళ్ళల్లో పడి, సముద్రం చేరి, అలలతో తిరిగి ఒడ్డుకొస్తాయి. బాపట్ల దగ్గర సూర్యలంకలోనూ, రేపల్లెకి దక్షిణాన నిజాంపట్నం వైపూ ఒడ్డు వెంట నడిస్తే తెల్లటి ఇసకలో నల్లటి చారలు కనిపిస్తాయి. నల్లనివి ఇల్మనైటు. గుప్పెడు తీసి భూతద్దం కింద పెడితే మధ్యమధ్య గులాబీ, ఎరుపు రేణువులు. ఆవగింజలో పావు వంతు కూడా ఉండవు. వాటికి నగల కొట్లో పని లేదు. మరబట్టు కాగితానికి అంటిస్తారు, నీటిధారతో కలిపి ఉక్కు కోస్తారు.

పెద్దవి ఖమ్మం ప్రాంతంలో ఉన్నాయి. పాల్వంచ దగ్గర గరీబ్ పేట కొండ, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. పేరు చూడండి, గరీబుల పేట! ఆ కొండ గార్నెట్లని 2017లో కొందరు శాస్త్రజ్ఞులు పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో దొరికిన పూసలతో పోల్చి, ధాతువుల పాళ్ళు, లోపలి సూదులు సరిచూసి, రెండూ ఒకటేనని తేల్చారు. అరికమేడు రోము వర్తకుల కాలపు రేవు. ఫ్రాన్సు దేశపు తొలి రాజుల్లో ఒకడు షిల్డెరిక్, క్రీస్తు శకం 481 ప్రాంతంలో పోయాడు. 1653లో ఆయన సమాధి బయటపడితే ఎర్ర గార్నెట్లు పొదిగిన బంగారు తేనెటీగలు దొరికాయి. ఆ కాలపు ఫ్రెంచి నగల గార్నెట్లలో చాలా భాగం ఇండియా, సింహళాల నించి వెళ్ళినవే. అక్కడి రాజుల నెత్తి మీదికెక్కిన రాయిని ఇక్కడ మనం "అబ్బే, గార్నెట్టా?" అని పక్కకి తోసేస్తాం.

తెనాలి నించి రేపల్లె రైల్లో వెళుతుంటే దారిలో భట్టిప్రోలు వస్తుంది. 1892లో అలెగ్జాండర్ రే అనే ఆయన అక్కడి స్తూపం తవ్వాడు. అప్పటికే స్తూపం రాళ్ళు చాలా వరకు కాలవ పనులకి పోయాయి. మధ్యలో మిగిలిన ఇటికల కింద మూడు రాతి భరిణెలు దొరికాయి. రాతి భరిణెల్లో స్ఫటికపు బుడ్లు, బుడ్లలో అస్థికలు, చుట్టూ చిన్న చిన్న బంగారు పూలు, ముత్యాలు, రాతి పూసలు. భరిణెల మీద ఇచ్చినవాళ్ళ పేర్లు చెక్కి ఉన్నాయి, మన అక్షరాల్లో అతి పాత రూపాలవి. అన్నీ చాలా వరకు చిన్న వస్తువులే. ఏ కొట్టాయనైనా తూచి "రాళ్ళకేం రాదండీ" అని ఉండేవాడు.

ఇక ఇవాళ్టి బజారు సంగతి. మచ్చ లేని మంచి బర్మా మాణిక్యం అయిదు క్యారట్లు దాటిందంటే, అదే నాణ్యమున్న వజ్రం కంటే అరుదు. 2015లో జెనీవాలో 25.59 క్యారట్ల రాయి మూడు కోట్ల డాలర్లు పలికింది. 2023లో న్యూయార్కులో మొజాంబిక్ రాయి, 55.22 క్యారట్లది, మూడు కోట్ల నలభై ఎనిమిది లక్షల డాలర్లకి పోయింది. మొజాంబిక్ లో గనులు 2009లో బయటపడ్డాయి. మరో వైపు పగుళ్ళున్న నాసి రాళ్ళలో సీసం కలిపిన గాజు కరిగించి పోసి, మెరుగు పెట్టి అమ్మేవాళ్ళు బయల్దేరారు. నిమ్మరసం తగిలితే చాలు, ఆ గాజు తినేస్తుంది. జాతకం చెప్పించుకుని, ఉంగరం వేలికి పెట్టుకుని, పులిహోర కలిపితే గ్రహశాంతి ఏమవుతుందో ఆలోచించుకోండి.

భూతద్దం కింద తేడా చెప్పేవి దోషాలే. భూమిలో పుట్టినదానికి లోపల పట్టుదారాల్లాంటి సన్నని సూదులుంటాయి, గీతలు సూటిగా, కోణాలు తిరిగి ఉంటాయి. కొలిమిలో పుట్టినదానికి గ్రామఫోను రికార్డు మీద గాడుల్లా వంపు గీతలుంటాయి, మధ్యలో గాలి బుడగలు. మచ్చ లేకుండా చవకలో దొరికిన కెంపుని అనుమానించాలి. రత్నశాస్త్రం దోషమన్నదాన్ని ప్రయోగశాల జన్మపత్రిక అంటుంది. పంపకాల ముందు, పెళ్ళి మాటల ముందు, రాయిని ఊడదీయించి ప్రయోగశాలకి పంపి కాగితం తెచ్చుకోవడానికి పెద్ద రాయికైతే అయ్యే ఖర్చు ఏమంత కాదు. ఊడదీయడానికి మనసొప్పకపోవడం వేరే సంగతి.

కుర్రకారుకి ఈ బాధ లేదు. ఇప్పుడు బంగారం పూత పోసిన ఎర్రరాళ్ళ హారాలు, జడబిళ్ళలు, వంకీలు "కెంపు సెట్" అని ఏ ఊళ్ళోనైనా దొరుకుతున్నాయి. కూచిపూడి నేర్చుకునే పిల్లలకి మొదట కొన్నారు, తరవాత పెళ్ళికూతుళ్ళు మొదలుపెట్టారు. నాగర్ కోయిల్ దగ్గర వడసేరిలో ఈ ఆలయ నగల పని తరాల నించీ చేస్తున్నారు. అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు అవి ఏ రాళ్ళో. మొన్న తెనాలిలో ఒక పెళ్ళిలో అత్తయ్యగారి మనవరాలు అలాంటి సెట్టు పెట్టుకుని తిరుగుతుంటే, పక్కింటి పెద్దావిడ దగ్గరికి పిలిచి, హారం చేత్తో పట్టుకుని చూసి, "అసలువేనా అమ్మా?" అని అడిగింది.

"కెంపులేనండి బామ్మగారూ, పన్నెండు వందలు" అంది ఆ పిల్ల.